ఖమ్మం ఎండలో ఓవర్‌క్లాక్ పీసీ: జనవరి నుంచి మే దాకా రాసుకున్న డైరీ

ఓవర్‌క్లాకింగ్ (కంపెనీ పెట్టిన వేగం కన్నా పీసీ భాగాలను ఎక్కువ వేగంతో నడపడం) మీద నేను చదివిన సలహాల్లో చాలావరకు 20, 22 డిగ్రీల గదిలో చేసి చూసినవే. మాది ఖమ్మంలో డాబా ఇల్లు, పై గది. స్లాబు మీద నేరుగా ఎండ పడుతుంది. ఏసీ లేదు, నీళ్ల కూలర్ ఉంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడింటికి ఆ గదిలో 37 నుంచి 39 డిగ్రీలు ఉంటుంది. మా తమ్ముడి గేమింగ్ కోసం ఆ గదిలో పెట్టిన పీసీ లెక్క ఇది. ఏ భాగం ఎందుకు తీసుకున్నాను, ఎక్కడ తప్పు జరిగింది, ఏం మార్చాను అన్నదే రాశాను. మీ గది కూడా ఇలాంటిదే అయితే ఈ అంకెల దగ్గర మొదలుపెట్టండి. నేను పోగొట్టుకున్న రోజులు మీకు మిగులుతాయి.

మొదటి దశ: గది కొలిచి లిస్టు రాయడం (జనవరి 2025)

ఫ్యాను ఎంత పెద్దదైనా అది తెచ్చి కొట్టేది గదిలో గాలినే. గది 25 ఉన్నప్పుడు 75 చూపించే ప్రాసెసర్, అదే పనిలో, అదే ఫ్యాను వేగంలో, గది 38 అయితే 88కి దగ్గరగా చూపిస్తుంది. వాటర్ కూలింగ్ పెట్టినా అంతే, ఆ నీళ్లు చల్లబడేది కూడా గది గాలితోనే. రైజెన్ 5 7600కి కంపెనీ పెట్టిన గరిష్ఠం 95 డిగ్రీలు. 22 డిగ్రీల గదిలో కూర్చున్నవాడికి 73 డిగ్రీల వెసులుబాటు ఉంటే, మే నెలలో నాకు మిగిలేది 56. అందుకే లిస్టు రాసేటప్పుడు ప్రతి భాగానికి మొదట చూసింది అది ఎన్ని వాట్లు తింటుందనే. వేగం ఆ తర్వాత.

ప్రాసెసర్ దగ్గర 7600, 7600ఎక్స్ మధ్య ఎక్కువ ఆలోచించాను. రెండింటిలోనూ ఆరు కోర్లు (లెక్కలు చేసే విభాగాలు), పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు). ఎక్స్ రకం 142 వాట్ల దాకా లాగొచ్చు, మామూలు 7600కి ఆ పరిమితి 88. రెండూ అన్‌లాక్ అయినవే కాబట్టి పరిమితి పెంచుకోవడం మన చేతిలో ఉంది. ఎక్స్‌కి డబ్బు ఎక్కువ పెట్టి తెచ్చి, మళ్లీ ఎండకి భయపడి వాట్లు తగ్గించుకునే బదులు, తక్కువది కొని ఎంత అవసరమో అంత పెంచుకోవడం మేలనిపించింది. ఇంటెల్ అయితే ఓవర్‌క్లాక్‌కి కే రకం చిప్, జెడ్ రకం బోర్డు రెండూ కావాలి, ఖర్చు అక్కడే పెరుగుతుంది. ఏఎండీలో బీ650 బోర్డు చాలు. ఏ620 మాత్రం వద్దు, అందులో ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ కుదరదు.

ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పవర్ సప్లై) గురించి ఒక మాట. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, మిగతావి కలిపినా నాకు 400 వాట్లు దాటదు, 650 సరిపోయేది. అయినా 750 తీసుకున్నాను. పెట్టె మీద రాసిన వాట్లు ఫలానా వేడి దాకానే అని కంపెనీ లెక్క ఉంటుంది, కొన్నింటికి 40 డిగ్రీలు, కొన్నింటికి 50. క్యాబినెట్ లోపల మేలో 45 దాటుతుంది కాబట్టి 50 డిగ్రీల దగ్గర పూర్తి వాట్లు ఇస్తానని రాసినదే ఎంచుకున్నాను. ఈ సంగతి కొనే ముందే కంపెనీ స్పెసిఫికేషన్ పేజీలో చూసుకోండి.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక్క రోజులో కొన్నవి, జీఎస్టీతో కలిపి:

1. రైజెన్ 5 7600: 17,800. మొత్తం 17,800
2. బీ650ఎం మదర్‌బోర్డు: 13,200. మొత్తం 31,000
3. డీడీఆర్5 6000 మెమరీ, 8 జీబీ స్టిక్కులు నాలుగు: 11,400. మొత్తం 42,400
4. ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డు, 12 జీబీ: 52,500. మొత్తం 94,900
5. 1 టీబీ జెన్4 ఎస్‌ఎస్‌డీ: 5,900. మొత్తం 1,00,800
6. 750 వాట్ల గోల్డ్ ఎస్‌ఎంపీఎస్: 7,900. మొత్తం 1,08,700
7. ముందు జాలీ ఉన్న చిన్న క్యాబినెట్, మూడు ఫ్యాన్లతో: 4,600. మొత్తం 1,13,300
8. థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఈ కూలర్: 3,400. మొత్తం 1,16,700

పెట్టుకున్న హద్దు 1,20,000. బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరు రాయించుకున్నాను. వారంటీకి వెళ్లినప్పుడు అడిగేది అదే. ఓవర్‌క్లాక్ వల్ల చిప్ పాడైతే వారంటీ వర్తించదని ఏఎండీ స్పష్టంగా రాసింది. మెమరీకి ఎక్స్‌పో (పెట్టె మీద రాసిన వేగంలో నడిపే సెట్టింగు) ఆన్ చేయడం కూడా వాళ్ల లెక్కలో ఓవర్‌క్లాకే. ఇది తెలిసే దిగాలి.

ఈ లిస్టులో మూడో వరుస తప్పు. అది కౌంటర్ దగ్గర జరిగింది. నేను రాసుకెళ్లింది 16 జీబీ స్టిక్కులు రెండు. "అన్నా, రెండు పెడితే రెండు స్లాట్లు ఖాళీగ కనబడ్తయ్. నాలుగు పెట్టుకో, లైటింగ్ మస్తుంటది, రేటు కూడా అంతే" అన్నాడు కుర్రాడు. తమ్ముడి కళ్లు ఆ లైట్ల మీదే ఉన్నాయి. సరే అన్నాను.

రెండో దశ: బిగింపు, రెండు తప్పులు (జనవరి 18–26)

బోర్డు, ప్రాసెసర్, కూలర్ గంటన్నరలో అయిపోయాయి. ఈ కూలర్‌కి ఏఎం5 బోర్డు వెనక ఉన్న పలకనే వాడుకోవాలి. పైన ఉన్న రెండు ప్లాస్టిక్ పట్టీలు విప్పితే చాలు, పలక ఊడి కింద పడదు.

పక్క తలుపు పెట్టబోతే పట్టలేదు. క్యాబినెట్ పెట్టె మీద 160 మిల్లీమీటర్ల కూలర్ దాకా పడుతుందని ఉంది, నా కూలర్ ఎత్తు 155. స్కేలు తీసుకుని కొలిచాను. లైట్లున్న మెమరీ స్టిక్ ఎత్తు 44. కూలర్ ముందు ఫ్యాను సరిగ్గా స్టిక్కుల మీదికి వస్తుంది, వాటికి తగలకుండా క్లిప్పు పైకి జరిపితే ఫ్యాను అంచు 166 దగ్గర ఆగింది. తలుపు ఆరు మిల్లీమీటర్లు ఉబ్బి నిలబడింది. కూలర్ ఎత్తు, క్యాబినెట్ ఎత్తు చూసుకుని సరిపోతుందనుకున్నాను, మధ్యలో మెమరీ ఎత్తు ఒకటుందని గుర్తుకు రాలేదు. మీరు కొలిచేటప్పుడు మూడూ కలిపి కొలవండి.

తలుపు లేకుండానే ఆన్ చేశాను. తెర నల్లగా ఉంది, బోర్డు మీద మెమరీ లైటు వెలుగుతూ ఉండిపోయింది. టెన్షన్ పట్టలేక పవర్ ఆపి మళ్లీ వేశాను, అలా మూడుసార్లు. అసలు సంగతి ఏమిటంటే డీడీఆర్5 మొదటిసారి తనను తాను సర్దుకోవడానికి నిమిషాల కొద్దీ టైమ్ తీసుకుంటుంది. మెమరీ ట్రైనింగ్ అంటారు. నేను ఆపిన ప్రతిసారీ అది మొదటి నుంచి మొదలైంది. నాలుగోసారి ముట్టుకోకుండా వదిలేస్తే ఐదో నిమిషంలో తెర వచ్చింది.

వచ్చాక అసలు తప్పు బయటపడింది. ఎక్స్‌పో 6000 పెడితే బూట్ కాలేదు. బోర్డు మీద సీమాస్ క్లియర్ చేసే, అంటే మార్చిన సెట్టింగులను చెరిపేసే రెండు పిన్నులను స్క్రూ డ్రైవర్ మొనతో కలిపి వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది. 5600 కూడా రాలేదు. 5200లో విండోస్ వచ్చింది కానీ మెమరీని పరీక్షించే టెస్ట్‌మెమ్5 ప్రోగ్రాం నాలుగో నిమిషంలోనే ఎర్రర్లు చూపించింది. 4800లో మాత్రం నిలబడింది. ఏఎండీ రాసిన స్పెసిఫికేషన్ అప్పుడు వెతికి చదివాను: రైజెన్ 7000కి రెండు స్టిక్కులైతే 5200 దాకా, నాలుగైతే 3600 దాకా. 6000 అని పెట్టె మీద రాసి ఉన్నా నాలుగు స్టిక్కులతో అది అందుతుందన్న భరోసా ఎక్కడా లేదు. ఇది కొనే ముందు చదవాల్సిన పేజీ.

మళ్లీ సికింద్రాబాద్ వెళ్లాను. 11,400 పెట్టి కొన్న స్టిక్కులను 9,900కి వెనక్కి తీసుకున్నారు. లైట్లు లేని, 33 మిల్లీమీటర్ల ఎత్తున్న 16 జీబీ స్టిక్కులు రెండు, 6000 సీఎల్30, ధర 10,600. పైన 700 కట్టాను. నష్టం 1,500, బస్సు ఛార్జీలు వేరే.

మొత్తం: 1,17,400.

ఈ ఒక్క మార్పుతో రెండు తప్పులూ సర్దుకున్నాయి. ఫ్యాను కిందికి దిగింది, తలుపు పట్టింది, ఎక్స్‌పో మొదటిసారికే పట్టుకుంది. రెండు స్టిక్కులను ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి 2, 4 స్లాట్లలో పెట్టాలి.

మూడో దశ: ఎర్తింగ్ (ఫిబ్రవరి 1–3)

ఇది భాగాల లిస్టులో లేదు, కానీ ఉండాలి. క్యాబినెట్ వెనక స్క్రూ బిగిస్తుంటే చేతి వెనక భాగం ఇనుముకి రాసుకుని జివ్వుమంది. గట్టి షాక్ కాదు, చీమలు పాకినట్టు. హెడ్‌ఫోన్‌లో గుయ్‌మని సన్నని శబ్దం కూడా వస్తోంది.

మా వీధి ఎలక్ట్రీషియన్ బాబాయ్‌ని పిలిచి మల్టీమీటర్‌తో సాకెట్ చూపించాను. పీసీ ప్లగ్గు పక్క సాకెట్‌లోనే ఉంచి కొలిస్తే:

1. ఫేజ్–న్యూట్రల్: 229 వోల్టులు
2. ఫేజ్–ఎర్త్: 118
3. న్యూట్రల్–ఎర్త్: 111

"ఎర్త్ వైరు లేదయ్యా ఈ గదికి. మూడో కన్నం ఉందంతే" అన్నాడు. విప్పి చూస్తే నిజమే, ఎర్త్ పిన్ను వెనక ఖాళీ. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు క్యాబినెట్ ఇనుముకి కలిసి ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కాస్త కరెంటు నేలలోకి పోతుంది. లేకపోతే ఇనుము సగం వోల్టేజీలో తేలుతుంది. మీటరు చూపించిన 118, 111 అదే, 229ని రెండుగా చీల్చినట్టు.

కింద మీటరు బోర్డు దగ్గర ఎర్త్ గుంత ఉంది. అక్కడి నుంచి పై గదికి ఆకుపచ్చ వైరు లాగించాను. వైరు, కూలీ కలిపి 1,450. తర్వాత కొలిస్తే ఫేజ్–ఎర్త్ 228, న్యూట్రల్–ఎర్త్ 1.8. జివ్వుమనడం పోయింది, హెడ్‌ఫోన్ శబ్దమూ పోయింది. ఈ కొలతలు ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి, సొంతంగా వద్దు. కానీ చేయించకుండా మాత్రం లక్ష రూపాయల పీసీని ప్లగ్గులో పెట్టకండి.

గోడ దగ్గర వాట్లు చూపించే ప్లగ్ మీటరు ఒకటి 900కి కొన్నాను.

మొత్తం: 1,19,750.

నాలుగో దశ: ప్రాసెసర్ (ఫిబ్రవరి 8–23, గది 25–27)

ముందు బయోస్ (బోర్డును నడిపే మూల సాఫ్ట్‌వేర్) కొత్తది చేశాను, యూపీఎస్ మీద పెట్టి. మధ్యలో కరెంటు పోతే బోర్డే పోవచ్చు.

కొలిచే పద్ధతి ప్రతిసారీ ఒకటే: ప్రాసెసర్ వేగం కొలిచే సినీబెంచ్ ఆర్23 పది నిమిషాలు, భాగాల వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో గరిష్ఠ వేడి, పక్కన గది వేడి.

1. ఏమీ మార్చకుండా, 88 వాట్లు: 14,120 పాయింట్లు, 71 డిగ్రీలు
2. పీబీఓ (ఏఎండీ ఓవర్‌క్లాక్ సెట్టింగు), పరిమితి 142, వేగం +200 మెగాహెర్ట్జ్, కర్వ్ ఆప్టిమైజర్ –30: 15,310 పాయింట్లు, 88 డిగ్రీలు
3. అవే సెట్టింగులు, పరిమితి 100: 15,060 పాయింట్లు, 79 డిగ్రీలు
4. అవే సెట్టింగులు, పరిమితి 88: 14,760 పాయింట్లు, 72 డిగ్రీలు

రెండో వరుసలో పరిమితి 142 పెట్టినా చిప్ లాగింది 116 మాత్రమే. రెండుకీ మూడుకీ తేడా చూడండి. చివరి రెండు శాతం కోసం తొమ్మిది డిగ్రీలు. ఒకటికీ నాలుగుకీ కూడా చూడండి, అవే వాట్లు, దాదాపు అదే వేడి, 640 పాయింట్లు ఎక్కువ. కర్వ్ ఆప్టిమైజర్ అంటే ప్రతి కోర్‌కి ఇచ్చే వోల్టేజీని కొద్దికొద్దిగా తగ్గించడం, ఒక్కో మెట్టుకి సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. వేడి ప్రాంతాల్లో ఉన్నవాళ్లకి మొత్తం ఓవర్‌క్లాకింగ్‌లో ఎక్కువ ఉపయోగపడేది ఇదేనని నా అభిప్రాయం. మూడో వరుస ఉంచుకున్నాను.

మూడు రోజులు బాగుంది. నాలుగో రోజు పొద్దున చూస్తే పీసీ రాత్రి తనంతట తనే రీస్టార్ట్ అయి ఉంది. గేమ్ ఆడుతున్నప్పుడు ఒక్కసారీ ఆగలేదు, ఖాళీగా ఉన్నప్పుడే పడింది. మొదట కరెంటు పోయి వచ్చిందేమో అనుకున్నాను, కానీ గోడ గడియారం పక్కనున్న రౌటర్ ఆగలేదు. విండోస్ తప్పులు రాసి ఉంచే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే వియా లాగర్ (హార్డ్‌వేర్ తప్పుల నమోదు), ఈవెంట్ 18, ఏపీఐసీ ఐడీ (థ్రెడ్ నంబరు) 4 అని ఉంది. ఒక్కో కోర్‌కి రెండు థ్రెడ్లు కాబట్టి నా ఆరు కోర్ల చిప్‌లో 4ని రెండుతో భాగిస్తే కోర్ 2, సున్నా నుంచి లెక్క.

అన్ని కోర్లూ పనిచేస్తుంటే ఒక్కోదాని వేగం, వోల్టేజీ కొంచెం కిందే ఉంటాయి, అక్కడ –30 తట్టుకుంటాయి. తేలిక పనిలో ఒక్క కోర్ గరిష్ఠ వేగానికి ఎగిరినప్పుడు ఆ తగ్గించిన వోల్టేజీ చాలదు. అందుకే సినీబెంచ్ పాసై, రాత్రి ఖాళీగా ఉన్నప్పుడు పడింది. పరీక్ష కూడా ఒక్కో కోర్‌కి విడిగా చేయాలి. కోర్‌సైక్లర్ ఆ పని చేస్తుంది. ఒక్కో కోర్‌కి గంట చొప్పున, రాత్రిళ్లు పెట్టి పడుకున్నాను. తప్పు చూపించిన కోర్‌కి రెండేసి మెట్లు వెనక్కి. ఐదు రాత్రుల తర్వాత నిలిచినవి: కోర్ 2కి –14, కోర్ 4కి –18, మిగతా నాలుగింటికి –30. ఆ రెండూ చిప్‌లో అన్నిటికన్నా చురుకైన కోర్లు. మంచి కోర్లే తక్కువ తగ్గింపు తట్టుకుంటాయి, ఎందుకంటే అవి అప్పటికే తక్కువ వోల్టేజీతో పైకి వెళ్తుంటాయి.

ఐదో దశ: మెమరీ (మార్చి 1–9, గది 28–30)

2023లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్‌లు సాకెట్‌లోనే కాలిపోయిన తర్వాత ఏఎండీ ఎస్ఓసీ వోల్టేజీని (ప్రాసెసర్‌లో మెమరీని నడిపే భాగానికి ఇచ్చేది) 1.30 వోల్టులకి మించకుండా కట్టడి చేసింది. ఎక్స్‌పో ఆన్ చేయగానే నా బోర్డు దాన్ని ఆ హద్దు దాకా తీసుకెళ్లింది. చేత్తో 1.20 పెట్టాను. ఎర్రర్లు లేవు, అలాగే ఉంచాను.

6400 ప్రయత్నించాను, ఈ చిప్‌తో నిలవలేదు, వదిలేశాను. 6000లోనే ఉంటూ టైమింగులు (మెమరీ ఒక్కో పనికి తీసుకునే వ్యవధులు) బిగించాను.

1. ఎక్స్‌పో ఎలా ఉందో అలా: లేటెన్సీ (అడిగిన డేటా రావడానికి పట్టే సమయం) 72.4 నానోసెకన్లు
2. టీఆర్‌ఎఫ్‌సీ 500: 67.8
3. టీఆర్‌ఈఎఫ్‌ఐ 11,700 నుంచి 65,535: 63.1
4. వోల్టేజీ 1.35 నుంచి 1.38

మెమరీ కణాల్లో దాచిన ఛార్జి నెమ్మదిగా కారిపోతుంటుంది. దాన్ని మళ్లీ నింపే పనికి ఎంత సమయమో టీఆర్‌ఎఫ్‌సీ, అది ఎంత తరచుగా జరగాలో టీఆర్‌ఈఎఫ్‌ఐ చెబుతుంది. అంకె పెంచితే నింపడానికి ఆగే సార్లు తగ్గుతాయి, వేగం పెరుగుతుంది. టెస్ట్‌మెమ్5 మూడు గంటలు నడిపాను, స్టిక్కుల వేడి 49 డిగ్రీలు, ఒక్క ఎర్రర్ లేదు. ఆ రోజు డైరీలో "మెమరీ పూర్తయింది" అని రాసుకున్నాను.

గేమ్‌లో తేడా: వాలరెంట్‌లో సెకనుకి సగటు 462 నుంచి 498 ఫ్రేములకి, అన్నిటికన్నా నెమ్మదైన 1 శాతం ఫ్రేములు 214 నుంచి 251కి. ప్రాసెసర్ మీద నేను పెట్టిన ఐదు రాత్రుల కన్నా ఈ మార్పే తమ్ముడికి తెలిసింది. 1440పీ తెర స్పష్టతలో బరువైన గేముల్లో మాత్రం ఏ తేడా లేదు, అక్కడ కార్డే హద్దు.

ఆరో దశ: గ్రాఫిక్స్ కార్డు (మార్చి 15–16)

ఇక్కడ వేగం పెంచే ఆలోచనే పెట్టుకోలేదు. కార్డు సెట్టింగులు మార్చే ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో, ఏ వోల్టేజీకి ఎంత వేగమో చూపే గీత తెరిచి, 0.95 వోల్టుల దగ్గర 2,610 మెగాహెర్ట్జ్‌కి ఎత్తి, అక్కడి నుంచి అడ్డంగా చదును చేశాను. కార్డు 194 వాట్ల నుంచి 158కి దిగింది. పోయిన రెండు, మూడు శాతం వేగం కార్డు మెమరీని పెంచి తెచ్చుకున్నాను. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. ఈ కార్డు మెమరీ తప్పు చేస్తే వెంటనే పడిపోదు. తప్పు తనే పట్టుకుని మళ్లీ పంపుతుంది, దాంతో స్కోరు తగ్గుతుంది. కాబట్టి నిలిచిందా లేదా అని కాక స్కోరు చూస్తూ పోవాలి. +1200 దాకా టైమ్ స్పై పరీక్షలో గ్రాఫిక్స్ స్కోరు పెరిగింది, +1500 దగ్గర 300 పడిపోయింది. +1000 దగ్గర ఆపాను.

గోడ మీటరులో గేమ్ నడుస్తుండగా: ముందు 342 వాట్లు, తర్వాత 289.

ఏడో దశ: ఏప్రిల్

ఏప్రిల్ 11. గది 37. తమ్ముడు ఆడుతుండగా గేమ్ ఏ మెసేజీ లేకుండా మూసుకుపోయింది. మర్నాడు రెండుసార్లు. పదమూడో తేదీన బ్లూ స్క్రీన్.

మార్చింది మూడు చోట్ల కాబట్టి ఒక్కొక్కటీ వెనక్కి తిప్పుకుంటూ వచ్చాను. కార్డు మామూలు సెట్టింగుకి: మళ్లీ పడింది. ప్రాసెసర్ మామూలు సెట్టింగుకి: మళ్లీ పడింది. మిగిలింది మెమరీ. టెస్ట్‌మెమ్5 మళ్లీ మూడు గంటలు నడిపితే పాసైంది. అక్కడ పూర్తిగా దారి తప్పాను. మెమరీ బాగుందని తేల్చుకుని, ఎస్‌ఎంపీఎస్‌ని అనుమానించి, స్నేహితుడి దగ్గర అరువు తెచ్చి మార్చి చూశాను. రెండు రోజులు అలా పోయాయి.

దారి చూపించింది తమ్ముడే. "అన్నయ్యా, గేమ్ ఫైళ్లు చెక్ చేస్తే ప్రతిసారీ ఏదో ఒకటి పాడైందంటోంది. రెండుసార్లు డిలీట్ చేసి మళ్లీ దించా" అన్నాడు. దించిన ఫైలు పాడవుతోందంటే రాసే ముందు మెమరీలోనే పాడవుతోందన్నమాట. అంటే పరీక్ష పట్టుకోలేని తప్పు ఏదో మెమరీలో ఉంది.

హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో స్టిక్కుల వేడి రెండు సందర్భాల్లో పక్కపక్కన రాసి చూశాను.

1. టెస్ట్‌మెమ్5 ఒక్కటే నడుస్తుంటే: 54 డిగ్రీలు
2. గేమ్ నడుస్తుంటే: 63 డిగ్రీలు

మెమరీ పరీక్ష చేసేటప్పుడు కార్డు ఖాళీగా ఉంటుంది. గేమ్ ఆడేటప్పుడు కార్డు వదిలే వేడి గాలి పైకి లేచి నేరుగా స్టిక్కుల మీదుగా పోతుంది. వేడి పెరిగే కొద్దీ ఛార్జి త్వరగా కారిపోతుంది. మార్చిలో 49 డిగ్రీల దగ్గర సరిపోయిన 65,535, 63 దగ్గర సరిపోవడం లేదు. డీడీఆర్5 చిప్ లోపలే చిన్న తప్పుల్ని దిద్దుకునే ఏర్పాటు ఉంటుంది, అంచు మీద ఉన్న సెట్టింగుని అది కొంతకాలం దాచిపెడుతుంది కూడా.

రుజువు కోసం టెస్ట్‌మెమ్5తో పాటు కార్డుకి కూడా బరువు పెట్టాను, రెండూ ఒకేసారి, మధ్యాహ్నం మూడింటికి, గది కూలర్ ఆపి. పద్దెనిమిదో నిమిషంలో మొదటి ఎర్రర్ వచ్చింది, స్టిక్కుల వేడి 61.

మార్చినవి:

1. టీఆర్‌ఈఎఫ్‌ఐ 65,535 నుంచి 32,767. లేటెన్సీ 63.1 నుంచి 64.0. పోయింది ఒక నానోసెకను లోపే.
2. వోల్టేజీ 1.38 నుంచి మళ్లీ 1.35.
3. క్యాబినెట్ ముందు కింది భాగంలో 120 ఫ్యాను ఒకటి అదనంగా, 750 రూపాయలు. స్టిక్కుల వేడి 63 నుంచి 57.
4. విండోస్ మళ్లీ ఎక్కించాను. నెలకు పైగా తప్పుల మెమరీ మీదుగా రాసిన ఫైళ్లలో ఏది బాగుందో చెప్పలేం.

మొత్తం: 1,20,500. హద్దు 500 దాటింది.

నాలుగోది అందరూ చేయాల్సిన పని. ఓవర్‌క్లాక్ మెమరీ తప్పు చేస్తుంటే పీసీ పడిపోవడం అదృష్టమే. పడిపోకుండా ఫొటోలు, కాలేజీ ప్రాజెక్టు ఫైళ్లు మెల్లగా పాడవడం అసలు ప్రమాదం. తమ్ముడి రికార్డు వర్క్ పెన్‌డ్రైవ్‌లో విడిగా ఉంది కాబట్టి బతికాం. మెమరీతో ఆడేవాళ్లు ముఖ్యమైనవి వేరే చోట దాచాకే మొదలుపెట్టండి.

భాగాలు కొనేటప్పుడు ఇది తెలిసుంటే మైక్రో ఏటీఎక్స్ చిన్న క్యాబినెట్ కొనేవాణ్ణి కాదు. అందులో కార్డుకీ మెమరీకీ మధ్య చోటు తక్కువ. ఇంకో 1,500 పెట్టి పెద్దది కొంటే ఆ ఆరు డిగ్రీలు ఊరికే వచ్చేవి. లైట్ల స్టిక్కుల మీద పోయింది సరిగ్గా అంతే.

ఎనిమిదో దశ: మే

గది 38 దాటాక ప్రాసెసర్ 100 వాట్ల పరిమితిలో 90కి వెళ్లింది. బయోస్‌లో వేడి హద్దు 85 పెట్టి, పరిమితి 88కి దించాను. 83 దగ్గర ఆగింది, 14,690 పాయింట్లు. ఏమీ మార్చని ఫిబ్రవరి స్కోరు కన్నా ఇది ఇంకా ఎక్కువే.

నీళ్ల కూలర్ గాలి నేరుగా క్యాబినెట్‌కి తగలకుండా మంచం వైపు తిప్పాను. గది 34కి దిగుతుంది, కానీ ఆ గాలితో పాటు తుంపర వస్తుంది. ముందు జాలీ వారానికోసారి తీసి దులుపుతున్నాను. మొదటి వారం దులిపినప్పుడు ముందూ వెనకా కొలిస్తే ప్రాసెసర్ మూడు డిగ్రీలు తగ్గింది.

బయోస్‌లో రెండు ప్రొఫైళ్లు దాచాను.

1. మొదటిది, అక్టోబరు నుంచి ఫిబ్రవరి: 100 వాట్లు, టీఆర్‌ఈఎఫ్‌ఐ 50,000
2. రెండోది, మార్చి నుంచి సెప్టెంబరు: 88 వాట్లు, టీఆర్‌ఈఎఫ్‌ఐ 32,767

మొదటి దానిలోని 50,000 ఇంకా పరీక్షించలేదు. చలికాలం వచ్చాక, కార్డు మీద బరువు పెట్టి చూశాకే వాడతాను.

మే 27. మధ్యాహ్నం 2.40కి మొదలు, గది 39, నీళ్ల కూలర్ ఆపి. టెస్ట్‌మెమ్5, కార్డు బరువు కలిపి నాలుగు గంటలు. ప్రాసెసర్ గరిష్ఠం 84, కార్డు 74, స్టిక్కులు 59. ఎర్రర్లు సున్నా. సాయంత్రం ఏడింటికి తమ్ముడికి ఇచ్చేశాను.